మూకుడు తాగిన నీళ్ళు

నర్సరీ ఇల్లు,
వానలకు ముందు

మట్టిపిల్లకి,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు నా మొక్కల సంగతి చూడు.

రెండో వరుస నుంచి చివరి దాకా సంచుల్లో ఉన్న మొక్కలన్నీ పసుపెక్కాయి. ముదురాకులు కావు, లేతాకులే. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, మధ్యలో రంగు దిగిపోయింది. ఎరువు వేస్తే ఇంకా పాడయ్యాయి. నీళ్ళు తగ్గించి చూశాను, పెంచి చూశాను. మీ అన్నయ్యని అడిగితే, "రోజూ వాటి ముందు నిలబడి నన్ను తిడుతుంటావు కదా, విని బెంగపెట్టుకున్నాయి" అన్నాడు. ఆయనకేం, పొద్దున్నే వెళ్ళి ఊట తొట్టి కడిగి, కింద ఇళ్ళకు నీళ్ళు వదిలితే ఆ రోజుకు రాజు.

ఈ ఏడాది సంచుల్లోకి మట్టి దగ్గర్లోనే తవ్వుకున్నాను. ఊట పక్కన రాయి తేలిన చోట గోధుమ రంగు మట్టి మెత్తగా, జిగురుగా ఉంటే మంచిదనుకున్నాను. అడవిలోంచి ఇసుక మోసే ఓపిక లేక చేసిన పని. దాని వల్లేనంటావా?

ఆడపడుచువన్న భయంతో అడగడం లేదులే. నువ్వు ఇన్నేళ్ళుగా మట్టి పరీక్షల ఆఫీసులో పనిచేస్తుంటే మన ఇంటి మొక్కలే చచ్చాయంటే నవ్వేది నిన్ను. గుప్పెడు మట్టి ఈ బస్సులో పంపుతున్నాను. తొందరగా చూసి రాయి.

వదిన

~

పట్నం,
మట్టి పరీక్షల ఆఫీసు

వదినా,

గుప్పెడు అని రాసి అర బస్తా పంపేది నువ్వొక్కదానివే. బస్సు కండక్టరు దాన్ని దింపుతూ నన్ను తిట్టిన తిట్లు నీ ఖాతాలో వేసుకో.

నీ మట్టి మీద యాసిడ్ చుక్క వేశాను. సోడా పొంగినట్టు పొంగింది. మా పక్క బల్ల ఆయన తొంగి చూసి, "మీ వదిన మట్టి పంపిందా, గోడలకు వెయ్యమని సున్నం పంపిందా?" అన్నాడు.

మీ అడవి నేల కథ ఇది. కింద ఉన్నది సున్నపురాయి. పైన ఉన్నది ఇసుక. ఒకదాని నుంచి ఒకటి పుట్టలేదు. రాయి అక్కడిదే, ఇసుక ఎప్పుడో గాలి తెచ్చి పోసినది. పైన రెండు వేళ్ళ మందాన ఆకులు కుళ్ళిన నల్లటి పొర, దాని కింద బూడిద రంగు ఇసుక, ఆ కింద ఎర్రటి ఇసుక, ఆ తర్వాత చెప్పాపెట్టకుండా రాయి. రాయికి ఆనుకుని ఒక జిగురు మట్టి పూత ఉంటుంది, నువ్వు తవ్వింది అదే. పై ఇసుకలో సున్నం మిగలదు, వాన కడిగేస్తుంది. అందుకే అది పుల్లగా ఉంటుంది. కింద పూతంతా సున్నమే. ఒకే గోతిలో పైన ఒక రుచి, కింద ఒక రుచి. సున్నం ఎక్కువైన మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు, ఆకు పసుపెక్కుతుంది. పైగా నువ్వు పోసేది ఊట నీళ్ళు. నీ కెటిల్‌లో తెల్లగా పేరుకుంటుందే, అదే సున్నం మొక్కలకూ పెడుతున్నావు.

సంచులన్నీ విప్పు. పెద్ద చెట్ల కింద బూడిద రంగు ఇసుక, పై ఆకుల పొర కలిపి నింపు. కొన్నాళ్ళు వాన నీళ్ళే పొయ్యి. తిట్టడం ఆపక్కర్లేదు.

ఇంకో మాట. వానలు పడ్డాక నేనే వస్తున్నాను, నేల తొలిచి చూసే బరమా పట్టుకుని. అడవి అంచున ఇసుక ఎక్కడ లోతుగా ఉందో చూడాలి. అట్టల మిల్లు వాళ్ళు అక్కడ చెట్లు పెంచుతారట. మీ ఇద్దరికీ తెలిసినంతగా ఆ చోట్లు ఎవరికి తెలుసు! నాకు చూపించాలి. మొక్కలు మీ దగ్గరే కొనేలా నేను చూస్తాను.

నీ
మట్టిపిల్ల

~

నర్సరీ ఇల్లు,
వానల మధ్య

మట్టిపిల్లకి,

లేతాకులు ఆకుపచ్చగా వస్తున్నాయి. ముందు ఆ శుభవార్త. పాత పసుపు ఆకులు అలాగే ఉన్నాయి కానీ కొత్తవి చూస్తే కడుపు నిండిపోతోంది. ఇసుక మోసి మోసి మీ అన్నయ్య భుజం మీద తోలు లేచింది. "నీ ఆఫీసు చదువు నా వీపు మీదికొచ్చింది" అని నీకు చెప్పమన్నాడు.

నువ్వు వెళ్ళాక కూడా రోజూ నీ బరమా గురించే మాటలు. మిగతా చోట్ల మోకాలి లోతుకే ఠంగుమని రాయి తగిలిందా, మూకుడు పల్లంలోకి వచ్చేసరికి భుజం దాకా దిగినా ఇసుకే. చుట్టూ చెట్లు గిటకబారి ఉంటే ఆ పల్లంలో చెట్లు మాత్రం ఎందుకంత ఎత్తు పెరిగాయో ఇన్నేళ్ళకు తెలిసింది. అక్కడ రాయి కరిగి గొయ్యి పడితే ఇసుక నిండిందన్నావు. మా ఊళ్ళో మాత్రం ఆ పల్లం ఆకారం చూసి మూకుడని పేరు పెట్టి ఊరుకున్నారు.

"బరమాకి ఇంకో గొట్టం తగిలించనా? ఎంత లోతుందో చూద్దాం" అని మీ అన్నయ్య అడిగితే, "చాలన్నయ్యా, చెట్టుకి ఇంతకన్నా ఏం కావాలి" అని బరమా పైకి లాగేశావు. ఆయనకు అదొక్కటే కొరత. రాయి దాకా చూడలేదని ఇప్పటికీ గొణుగుతున్నాడు.

బరమా పైకి తీయక ముందే నేను "ఇక్కడ ఎంత వాన పడినా చుక్క నిలవదు, ఎటు పోతుందో ఎవరికీ కనపడదు" అన్నానా, నువ్వు మళ్ళీ చెప్పించుకుని మరీ రాసుకున్నావు. అప్పుడే మీ అన్నయ్య, "కనపడకేం, మూడో పొద్దున మన ఊట మసకెక్కి, తొట్టిలో ఇసుక దిగుతుంది, కడగలేక నేను చస్తున్నాను" అన్నాడు. "నేను చెప్పింది రాసుకోలేదేం?" అని ఆయన ఉడుక్కుంటే, "నీ నడుం నొప్పి ఆఫీసుకెందుకన్నయ్యా" అన్నావు. ముగ్గురం ఎంత నవ్వామో.

మిల్లు వాళ్ళ మనిషి వచ్చాడు. మొక్కలన్నీ మన దగ్గరే తీసుకుంటామన్నాడు. పక్క షెడ్డుకు కూడా నీడ వల కట్టిస్తున్నాను. నీ మేలు మర్చిపోను. ఈసారి వచ్చినప్పుడు బరమా లేకుండా రా, రెండు రోజులు కాళ్ళు చాపుకుని కూర్చుందాం.

వదిన

~

పట్నం,
మట్టి పరీక్షల ఆఫీసు

వదినా,

పని ఒత్తిడిలో ఉన్నాను, ఇది చిన్న ఉత్తరం. మొక్కలు మూకుడు చుట్టూ మూడు వరుసలుగా దగ్గర దగ్గరగా నాటాలట. ఆకు రాలనివి, గుబురుగా పెరిగేవి ఎక్కువ పెట్టు. బయటి నుంచి చూస్తే లోపల కనపడకుండా ఉండాలని వాళ్ళ కోరిక, అందం కోసం.

కొన్నాళ్ళలో అక్కడికి గొట్టాలు తెస్తారు. కంగారు పడకు, మొక్కలకు నీళ్ళ కోసం. ఎవరైనా అడిగితే అదే చెప్పు.

ఇక్కడ ఒక మంచి మాట నలుగుతోంది. ఖాయమైతే చెబుతాను. అన్నయ్యతో కూడా అనకు.

మట్టిపిల్ల

~

నర్సరీ ఇల్లు,
వానలు తగ్గాక

మరదలికి,

గొట్టాలు వచ్చాయి. నువ్వు చెప్పినట్టే, అడిగిన వాళ్ళందరికీ మొక్కల కోసమని చెప్పాను. కింద ఇళ్ళ వాళ్ళు ముగ్గురు అడిగారు. ముగ్గురికీ చెప్పాను.

నిన్న నాటే చోట్లు గుర్తు పెట్టడానికి మూకుడు దగ్గరకు వెళ్ళాను. గొట్టం నా నడుమంత లావుంది. మొక్కకు పోసే నీళ్ళకు అంత గొట్టం ఎందుకని మేస్త్రీని అడిగాను. అతను మంచివాడు, ఏమీ దాచలేదు.

"మొక్కలకెవరు చెప్పారమ్మా? మొక్కలు చస్తాయి ఈ నీళ్ళు పోస్తే. మిల్లులో అట్టలు ఉడకబెట్టి కడిగిన నీళ్ళివి."

"ఇక్కడెక్కడ పోస్తారు?"

"ఈ పల్లంలోనే. ఎంత పోసినా తాగేస్తుందట కదా. ఎవరో ఇక్కడి ఆవిడే చెప్పిందట ఆఫీసు వాళ్ళకి."

అతను గొట్టం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నాకూ ఒక కప్పు ఇచ్చాడు. ఆ చెప్పిన ఆవిడను నేనేనని అతనితో అనలేకపోయాను.

నువ్వు అవునను, కాదను. మేస్త్రీకి సరిగ్గా తెలియకపోవచ్చు. నీకు తెలియకుండా పైవాళ్ళు చేసి ఉండొచ్చు. అదే అయితే ఈ ఉత్తరం చించి పారేసి నన్ను నాలుగు తిట్టు. మీ అన్నయ్యకు ఇంకా చెప్పలేదు.

వదిన

~

పట్నం,
ఇంటి నుంచి

వదినా,

ఆఫీసులో రాయలేక ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

మేస్త్రీ చెప్పింది నిజమే. మొదట నాకు చెట్ల పేరే చెప్పారు. ఇసుక లోతు చూడమన్నప్పుడు అనుమానం వచ్చింది. మీ దగ్గరకు వచ్చే నాటికి తెలుసు.

నువ్వనుకున్నంత ఘోరం కాదు. భుజం లోతు ఇసుక ఉంది. ఇసుక నీళ్ళను వడకడుతుంది, చిన్నపిల్లలకు కూడా తెలుసు. రూల్ ప్రకారం భుజం లోతు దాకా ఇసుక ఉండాలి, అంత లోతు ఉందని రాశాను. అబద్ధం రాయలేదు. పైమట్టి మీద యాసిడ్ పొంగలేదని రాశాను, అదీ అబద్ధం కాదు. నువ్వు చెప్పిన మాట కూడా ఉన్నదున్నట్టే రాశాను. ఊట మాట ఎవరూ అడగలేదు.

నా పరిస్థితి నీకు తెలుసు. చేరిన నాటి నుంచి ప్రతి ఏడాదీ ఉంచుతారో తీసేస్తారో తెలియకుండా పనిచేస్తున్నాను. నా తర్వాత వచ్చిన వాళ్ళంతా పర్మినెంటు అయ్యారు. ఈ పని సజావుగా అయితే నాదీ అవుతుందని మా ఆఫీసు ఇంజినీరు మాటిచ్చాడు. ఇక్కడ నాకు ఎవరున్నారు చెప్పు, ఒక గది, ఒక స్టవ్వు. మీకు ఊరుంది, ఊట ఉంది, ఒకరికొకరున్నారు.

మొక్కల బేరం నీకు రావాలని ఎంత ప్రయత్నించానో నీకు తెలీదు. మధ్యలో చెడగొట్టకు. అన్నయ్యకు చెప్పకు. ఆయన తట్టుకోలేడు.

నీ
మట్టిపిల్ల

~

నర్సరీ ఇల్లు

మరదలికి,

ఇసుక వడకడుతుంది నిజమే. ఇసుక కింద రాయి వడకట్టదు. బీటల్లోంచి గొట్టంలో పోయినట్టు పోతుంది. ఇది నాకు నేర్పింది నువ్వే, నా వంటింట్లో కూర్చుని, కెటిల్ మూత తీసి చూపించి.

నీకు పర్మినెంటు కావాలంటే మేమిద్దరం నీ ఆఫీసు గుమ్మంలో కూర్చుని బతిమాలేవాళ్ళం. నువ్వు అడగలేదు. నా నోటి మాట సగం కోసి తీసుకెళ్ళావు. మిగతా సగం మీ అన్నయ్య నోట్లోనే వదిలేశావు. మూడు వరుసలు దగ్గర దగ్గరగా ఎందుకు నాటమన్నావో ఇప్పుడర్థమైంది. నీ గోతికి నా చేతే తెర కట్టించబోయావు.

మీ అన్నయ్యకు చెప్పాను. "చిన్నపిల్ల, తెలియక చేసి ఉంటుంది" అన్నాడు. నీకంటే నేను రెండేళ్ళే పెద్ద. నన్నెప్పుడూ ఆయన చిన్నపిల్ల అనలేదు.

కింద ఇళ్ళ వాళ్ళతో కలిసి అర్జీ పెట్టాం. వచ్చే వారం మీ ఇంజినీరు వస్తున్నాడు. మూకుడులో రంగు పోసి ఊటలో చూడండి, వస్తే గొట్టం ఆపండి, రాకపోతే మేం నోరెత్తం అన్నాం. ఒప్పుకున్నాడు. నిన్ను కూడా తీసుకొస్తాడట. రా. వచ్చి మిగతా సగం చెప్పు. అంతకు మించి నిన్నేమీ అడగను.

వదిన

~

పట్నం,
మట్టి పరీక్షల ఆఫీసు

వదిన గారికి,

రంగు పరీక్ష అందరి ఎదుటా జరిగినందుకు ఆఫీసు తరఫున, నా తరఫున సంతోషం. ఒక పగలు, ఒక రాత్రి చూశాం. ఊటలో రంగు జాడ లేదు. ఇక ఎవరికీ అనుమానం ఉండకూడదు. పదిమంది ముందు నాతో మీరు మాట్లాడిన తీరు మనసులో పెట్టుకోను.

నా ఉద్యోగం ఖాయమైంది. ఈ మాట ముందుగా మీకే రాస్తున్నాను.

మొక్కల బేరం అలాగే ఉంది. ఇంజినీరు గారితో చెప్పి మన ఇంటి దాకా వేరే కుళాయి వేయిస్తాను. అప్పుడు ఊటతో పనే ఉండదు. అన్నయ్యకు ఆ తొట్టి కడిగే బాధ కూడా తప్పుతుంది.

సోమవారం గొట్టం తెరుస్తారు.

ఇట్లు,
మీ మరదలు

~

నర్సరీ ఇల్లు

నీకు,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. తెచ్చే మనిషి నీ గుమ్మంలో నిలబడి ఉంటాడు. చదివాకే ఆయనతో మాట్లాడు.

ఆ రోజు ఇంజినీరు అడిగింది ఒక్కటే. "ఎంతసేపు చూడాలి?" నేను మూడో పొద్దు దాకా అన్నాను. అతను నీ వైపు తిరిగాడు. నువ్వు నా ముఖం చూడకుండా, "ఇసుక నేల కదండీ, ఒక పగలు, ఒక రాత్రి చాలు" అన్నావు. అతను మళ్ళీ మీ అన్నయ్యను అడిగాడు. "రోజూ ఊట దగ్గర ఉండేది మీరే కదా. మీరేమంటారు? వాన పడ్డాక ఎప్పుడు మసకెక్కుతుంది?"

మీ అన్నయ్య నీ వైపు చూశాడు. నా వైపు చూడలేదు. "అంత గమనించలేదండీ" అన్నాడు.

ఇన్నేళ్ళుగా నడుం పట్టుకుని తిట్టుకుంటూ తొట్టి కడిగిన మనిషి. కింద ఇళ్ళ ముసలావిడ పక్కనుంచి, "అదేంటయ్యా, పోయిన వానకి కూడా మూడో పొద్దున నీళ్ళు పట్టుకోవద్దని నువ్వే కదా మా ఇంటికొచ్చి చెప్పావు?" అంది. ఆయన చెప్పుతో ఇసుకను రాస్తూ నిలబడ్డాడు. నేనూ ఏమీ అనలేదు. అంతమంది ముందు మొగుణ్ణి అబద్ధాలకోరని అనడం నాకు రాలేదు. నువ్వు నమ్ముకున్నది దాన్నే అనుకుంటాను.

ముందు రోజు టీకొట్టు దగ్గర మీరిద్దరూ మాట్లాడుకున్నారని నాకు తెలీదు. ఆయనే ఈ పొద్దున చెప్పాడు. "అన్నయ్యా, ఒక్క మాట అనకుండా ఉంటే చాలు, నా బతుకు నిలబడుతుంది" అని చెయ్యి పట్టుకున్నావట. ఆయన ఒక్క మాట అనకుండా ఉన్నాడు.

ఒక పగలు, ఒక రాత్రి అయ్యింది. మీరంతా జీపెక్కి వెళ్ళిపోయారు. కింద ఇళ్ళ వాళ్ళు నన్ను దాటుకుని వెళ్ళారు, ఎవరూ పలకరించలేదు. వాళ్ళను అర్జీ దాకా నడిపించింది నేను, నా ఇంట్లో మనిషే నా మాట కాదన్నాడు. ఆ రాత్రి ఆయన భోజనానికి పిలిచినా రాలేదు. నేను రెండోసారి పిలవలేదు.

ఈ పొద్దున ఆయన ఎప్పటిలాగే తొట్టి దగ్గరకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా ఆకుపచ్చగా ఉన్నాయి. తొట్టి నిండా, పక్క కాలువ నిండా, కింద ఇళ్ళ కుళాయిల్లో, అన్నిట్లో అదే రంగట. ముసలావిడ బిందె ఎత్తుకొచ్చి మా వాకిట్లో పెట్టి వెళ్ళిపోయింది.

ఆయన చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. రంగు పోలేదు. తర్వాత నాతో అన్నాడు, "చెల్లి ఆ రోజు ఊట గురించి నేనన్న మాట వింది. వినే పైకి లాగేసింది." బరమా సంగతి.

నేను వెళ్ళమనలేదు. వద్దని కూడా అనలేదు. తనే అయిదు లీటర్ల డబ్బాలో ఆ నీళ్ళు పట్టుకుని, ఉన్న చొక్కాతోనే బయల్దేరుతున్నాడు. ముందు నీ దగ్గరకు వస్తాడు, తర్వాత ఇంజినీరు దగ్గరకు వెళతాడు. సోమవారం లోపు వెళ్ళాలి కాబట్టి బస్సు దాకా నేనే సైకిలు మీద దింపుతున్నాను. ఆయనను నేను క్షమించానని నువ్వు అనుకోకు. అది మా ఇంటి సంగతి, నీకు చెప్పాల్సిన పని లేదు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం బస్సులోనే అందింది. కుళాయి వద్దు. మొక్కలు మిల్లుకు ఇవ్వను.

నీ వదిన అని చివర రాయబోయి ఆగాను.

~

పట్నం,
ఇంటి నుంచి

వదినా,

నువ్వు ఆ మాట రాయకుండా ఆగినా నాకు వేరే పిలుపు తెలీదు.

అన్నయ్య పొద్దెక్కాక వచ్చాడు. వీధి చివర నుంచే ఆ డబ్బా కనపడింది. నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను, నువ్వు చెప్పినట్టే. లోపలికి రమ్మన్నాను. రాలేదు. డబ్బా కింద పెట్టకుండా చేతులు మార్చుకుంటూ నిలబడ్డాడు. పై వాటా వాళ్ళు మెట్ల మీద నుంచి చూస్తున్నారు.

"ఒక రోజు అని ఎందుకు చెప్పావు? నిజంగానే రంగు రాదనుకున్నావా?" అన్నాడు.

అనుకున్నానని అంటే నమ్మేవాడు. ఆయన ముఖంలో అది కనపడుతోంది, అనమని ఎదురు చూస్తున్నాడు. నేను అనలేదు. మంచితనంతో కాదు, అంత తొందరగా నోరు రాలేదు. ఆయనే అర్థం చేసుకున్నాడు.

"ఇంజినీరుకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"నువ్వే చెప్పు" అన్నాను.

"నా అబద్ధం కూడా చెబుతాను. నీది కూడా చెప్పాల్సొస్తుంది."

"చెప్పు."

ఆఫీసుకు దారి అడిగాడు. చూపించాను. నేను వెంట వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. డబ్బా కుడి చేతి నుంచి ఎడమ చేతికి మార్చుకుంటూ వెళ్ళాడు, మలుపు దాకా వెనక్కి తిరగలేదు.

తర్వాత జరిగింది నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఇంజినీరు ఆ సాయంత్రమే జీపు వేసుకుని మీ ఊట దగ్గరకు వచ్చి కళ్ళారా చూశాడట. గొట్టం మూతికి సిమెంటు కొట్టించారు. మిల్లు వాళ్ళు వేరే చోటు వెతుక్కుంటున్నారు. నన్ను మట్టి బల్ల దగ్గర నుంచి తీసేసి సామాన్ల గదిలో వేశారు, ఈ నెలాఖరు దాకా. ఆ తర్వాత ఉండదు. ఖాయమైన ఉద్యోగం ఖాయంగా పోయింది. ఇంజినీరు మాత్రం తన బల్ల దగ్గరే ఉన్నాడు, లోతు గురించి రాసింది నేనే కదా.

నీ మీద కోపం లేదని రాస్తే అది మళ్ళీ అబద్ధం. నా అన్నను నా గుమ్మంలోకి ఆ నీళ్ళతో పంపావు. పంపలేదని రాశావు కానీ, సైకిలు మీద దింపింది నువ్వేగా. నేను చేసిందానికి అది తక్కువేనని కూడా తెలుసు. రెండూ నిజమే, రెండూ కలిసి ఉండలేకపోతున్నాయి.

ఒక్క సంగతి నీకు చెప్పాలి. ఆయన నీతో చెప్పి ఉండడు.

ఎండలో అంత దూరం వచ్చాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాను. గ్లాసు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "దార్లో తాగొచ్చాను" అన్నాడు.

బస్టాండు నుంచి మా ఇంటికి దారిలో కుళాయి లేదు, కొట్టు కూడా లేదు. ఆయన వెళ్ళాక ఆ నీళ్ళు నేనూ తాగలేకపోయాను.

~